జ్ఞానసుందరి గుప్పిట్లో తాళం

ఆగిపోయిన బండిని తాడు కట్టి లాక్కురావాలంటే శ్రీకాకుళం డ్రైవర్లంతా పాల్‌కే ఫోన్ చేస్తారు. పద్నాలుగేళ్ల అనుభవం. అలాంటివాడు తప్పు చేసి చేసి సొంత చెల్లెలి మొగుడి దగ్గరే చేశాడు.

ఆ పొద్దున కొత్తవలస దాటాక బావ స్టాన్లీ పాత కారు మొరాయించింది. పాల్ బొలెరో తీస్తుంటే తల్లి జ్ఞానసుందరి కూడా ఎక్కేసింది. "అల్లుడు రోడ్డు మీద నిలబడితే నానింట్లో కూకోనా?" అంది. దారిలో చెల్లెలు గ్లోరీ ఫోన్ చేసింది. "అన్నియ్యా, మా ఆయన్ని జాగర్తగా తెచ్చీ."

పాల్ మంచి తాడు కట్టాడు, మధ్యలో ఎర్రగుడ్డ వేలాడదీశాడు. స్టాన్లీని కారు స్టీరింగు ముందు కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. "నాను ఇరవై దాటను. నువ్వు తాడు వదులవకుండా సూడు. ఇంజిన్ లేదు గదా, బ్రేకు రాయిలాగుంటాది, గట్టిగా తొక్కాల."

"సెప్పీవోడికి ఇనీవోడు లోకువ గదేటి బావా!" అని నవ్వాడు స్టాన్లీ.

ఆ ఇంట్లో ఏ బండి కదలాలన్నా ముందు దాని తాళం జ్ఞానసుందరి చేతిలో పెట్టాలి. ఆవిడ గుప్పిట మూసి ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక తిరిగి ఇస్తుంది. ఆ రోజు రెండు తాళాలకీ కలిపి ప్రార్థన చేసింది. బొలెరో తాళం పాల్‌కిచ్చి, రెండోది అల్లుడికి చాపింది.

"సచ్చిన బండికి తాలమేటికి అత్తా! నీ కాడే ఉంచు" అన్నాడు స్టాన్లీ.

పాల్ కూడా నవ్వాడు. నవ్వి, బండి కదిపాడు.

ఫర్లాంగు దూరం రోడ్డు తిన్నగా ఉంది. తర్వాత ఎడమకి మలుపు, ఎదురుగా లారీ. పాల్ తిరిగాడు. అద్దంలో చూస్తే కారు తిరగడం లేదు, నేరుగా లారీ మీదికి పోతోంది. తాడు బిగిసి, తెగింది.

పరుగెత్తుకెళ్లేసరికి బావ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఊపిరి లేదు. పాల్ చక్రం తిప్పబోయాడు. అంగుళం కదల్లేదు. తాళం తీసేస్తే స్టీరింగు బిగుసుకుపోతుందని ఎంతమందికి చెప్పాడో వాడు! ఖాళీగా ఉన్న తాళం కన్నం చూసి అక్కడే కూలబడ్డాడు.

సమాధి చేసిన మూడో రోజు జ్ఞానసుందరి కొడుకుని పిలిచింది. ఆ తాళం ఇంకా ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

"ఒరే పాల్, నా పార్దనలో ఏటి లోపం సేసేన్రా?"

నిజం చెబితే తల్లి బతకదు. చెప్పకపోతే దేవుణ్ణే అనుమానిస్తూ బతుకుతుంది. పాల్‌కి ఏడుపు కూడా రాలేదు.

"ఏ లోపం లేదమ్మా."

"మరైతే ఆయన ఇన్లేదేటి?"

పాల్ ఆ తాళం ఆవిడ కంటబడకుండా చేస్తే చాలనుకుని చెయ్యి చాపాడు. జ్ఞానసుందరి గుప్పిట మరింత బిగించింది.

"ఉండనీరా. అల్లుడు నా కాడే ఉంచమన్నాడు."