సమాధానాలు ఇస్తున్నది: బంధువు

మీ దగ్గర ఒక విషయం ఒప్పుకోవాలి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు గదిలో ఒక ఫారం నింపిస్తారు కదా, మా ఊరి పెద్దాసుపత్రిలో ఆ ఫారం తయారుచేసింది నేనే. ప్రశ్నలు డాక్టర్లవి, స్క్రీన్ నాది. అందులో మొట్టమొదటి గడి "సమాధానాలు ఇస్తున్నది ఎవరు" అని. రోగి, బంధువు, రెండే ఎంపికలు. ఫారం తెరవగానే "బంధువు" దగ్గర టిక్ ముందే పడి ఉంటుంది. అలా పెట్టిందీ నేనే. కౌంటర్ దగ్గర పని త్వరగా తెములుతుందని ఆసుపత్రి మేనేజర్ అడిగాడు. ఒక్క లైను కోడ్. పక్కనున్న టీ చల్లారేలోపు అయిపోయింది.

"మత్తు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు" అనే పేజీ కూడా నా చేతి పనే. డాక్టర్లు చెప్పింది మనుషుల భాషలోకి దించి రాశాను. మధ్యలో మెలకువ వస్తుందా? చాలా అరుదు, మిమ్మల్ని కనిపెట్టుకుని ఒక డాక్టరు పక్కనే ఉంటారు. అసలు లేవకపోతే? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం బాగా తక్కువ, వాడే మందులు దాచకుండా చెబితే ఇంకా తక్కువ. ఊగే పన్ను సంగతి చెప్పాలా? చెప్పాలి. ఇవన్నీ సరే గానీ, జనం ఎక్కువగా అడిగేది వేరే ఉంది: మత్తులో నేనేమైనా వాగేస్తానా? దానికి పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టి "మీ రహస్యాలు భద్రం" అని రాశాను. భలే రాశాననుకున్నాను కూడా.

ఆరు నెలల తర్వాత నా పిత్తాశయంలో రాళ్లు బయటపడ్డాయి. తీసేయాలన్నారు.

ఇంట్లో చెప్పగానే మా ఆయన అడిగిన మొదటి మాట "ఎన్ని రోజులు?" అని. నా సెలవు గురించనుకుని పది రోజులన్నాను. ఆయన అడిగింది వంట గురించి. అందుకని ఆపరేషన్‌కి ముందు శని, ఆదివారాలు నిలబడి నాలుగు రోజులకి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, ఒక్కోదాని మీద "మంగళవారం మధ్యాహ్నం", "మంగళవారం సాయంత్రం" అని చీటీలు అంటించాను. కడుపులో రాళ్లు పెట్టుకుని. అత్తయ్య ఫ్రిజ్ తెరిచి చూసి, ఇది వంటిల్లా ఆఫీసా అంది. తను ఆపరేషన్ అయిన మూడో రోజే లేచి గిన్నెలు తోముకుందట. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు అది పదో రోజు.

మా ఆయన చెడ్డవాడు కాదు. అందరూ మంచివాడంటారు, నేనూ అంటాను. కాకపోతే నా నోరు కూడా ఆయన దగ్గరే ఉంటుంది. హోటల్లో నాకేం కావాలో ఆయనే చెప్తాడు. అమ్మ ఫోన్ చేసి నేనెలా ఉన్నానని అడిగితే, నేను పక్కనుండగానే, "తనకేం అత్తయ్యా, బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. వింటుంటే ఒక్కోసారి నాకూ నిజమేననిపిస్తుంది.

ఆ బ్రహ్మాండంగా ఉన్న మనిషి రెండేళ్లుగా రోజూ మాత్రలు వేసుకుంటోంది. ఒకరోజు ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడుతుంటే ఊపిరి అందలేదు. బాత్రూంలోకి వెళ్లి గంటసేపు గోడకానుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం మా ఆయనతో చెప్తే "ఫోన్ పక్కన పెట్టి త్వరగా పడుకో" అన్నాడు. మర్నాడు ఒక్కదాన్నే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆందోళన తగ్గడానికి మాత్రలు రాశారు: పొద్దున ఒకటి, పడుకునే ముందు అర. పాత హార్డ్ డిస్కుల సంచీలో దాచాను. మా ఇంట్లో ఎవరూ వేలు పెట్టని చోటు అదొక్కటే.

దాచడానికి కారణం ఉంది. పక్కింటి అమ్మాయి ఇలాంటివే వాడుతోందని తెలిసినప్పుడు అత్తయ్య భోజనాల దగ్గర "పిచ్చి మాత్రలు" అంది. మా ఆయన నవ్వాడు. గరిటె పట్టుకుని కూర వడ్డిస్తూ నేను కూడా నవ్వాను. ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నది నా ఆ నవ్వే.

ఆపరేషన్‌కి ముందు రోజు మత్తు డాక్టరు గదికి వెళ్లాం. యాభై దాటిన ఆవిడ, కళ్లద్దాలు ముక్కు చివర. నర్సు చేతిలో నా స్క్రీన్. నేను ఎంచిన నీలం రంగు, నేను పెట్టిన టిక్. నర్సు దాన్ని సూటిగా మా ఆయన ముందు పెట్టింది. నేను రోగిని కదా, నన్నెవరడుగుతారు.

ఆయన చకచకా చెప్పుకుపోయాడు. ఆయాసం లేదు. పడని మందులేవీ లేవు. గురకా? "అది నా డిపార్ట్‌మెంట్ మేడం" అని నవ్వాడు. ఊగే పళ్లు ఉన్నాయా అంటే పాత బండి కొనేవాడిలా నా నోటి వంక చూసి లేవన్నాడు.

"రోజూ వాడే మందులు?"

"అబ్బే, ఏమీ లేవండి. తలనొప్పికి కూడా మాత్ర వేసుకోదు. ఏసీలో కూర్చుని చేసే పని, తనకేం రోగాలొస్తాయి?"

నర్సు వేలు "లేవు" మీదికి వెళ్తోంది. చెప్తే ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో వరసగా కనిపించింది: అత్తయ్య మొహం, ఆ రెండు మాటలు, ఇక మీదట నేను ఏ విషయంలో కోప్పడ్డా "మాత్ర వేసుకున్నావా" అనే ప్రశ్న. చెప్పకపోతే ఏం జరగొచ్చో కూడా తెలుసు, ఎందుకంటే ఆ పేజీ రాసింది నేనే. తప్పు సమాచారం ఇస్తే ఏ ప్రోగ్రామైనా తప్పుగానే నడుస్తుందని జూనియర్లకి చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. ఈసారి దానిమీద నడిచేది నా ఊపిరి.

"లేవు నొక్కకండి. ఉన్నాయి," అన్నాను. "డాక్టర్ గారూ, మిగతావి నేను చెప్తాను. ఆయన్ని కాసేపు బయట ఉండమనండి."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నా ముందు చెప్పలేనిది ఏముంటుంది?"

డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తలేదు. "బయట కుర్చీలున్నాయి బాబూ," అంది.

తలుపు మూసుకున్నాక మాత్రల పేర్లు, మోతాదు, మొదలుపెట్టిన నెల, అన్నీ పాస్‌వర్డ్ అప్పజెప్పినట్టు చెప్పాను. ఆవిడ రాసుకుంది. పడుకునే ముందు వేసుకునేదాన్ని బట్టి తన లెక్క మారుతుందంది. పొద్దుటిది రేపు కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంది. కనుబొమ్మ కూడా కదల్లేదు. బీపీ మాత్రల గురించి మాట్లాడినట్టే మాట్లాడింది.

అప్పుడు నేనూ అందరిలాగే అడిగాను, మత్తులో ఏమైనా వాగుతానా అని.

"తేరుకునేటప్పుడు కొందరు గొణుగుతారు. ఇరవయ్యేళ్లలో పనికొచ్చే రహస్యం ఒక్కటీ నా చెవిన పడలేదు," అంది. "అక్కడ చెప్పేదాంతో నాకు భయం లేదమ్మా. ఇక్కడ కూర్చుని చెప్పరు చూడండి, దాంతోనే భయం."

"మావాళ్లకి చెప్తారా?"

"మీరు చెప్పమంటేనే."

ఈ ప్రశ్న నా పేజీలో లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు. అడగాల్సినవాళ్ల పక్కన ఎవరు కూర్చుని ఉన్నారో మాత్రం చూసుకోలేదు.

కారులో నేనే చెప్పాను. మా ఆయన, రెండేళ్ల నుంచీ నాకెందుకు చెప్పలేదన్నాడు.

"చెప్పాను. త్వరగా పడుకోమన్నావు."

సిగ్నల్ దగ్గర ఆగాం. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటోంది. "అమ్మకి మాత్రం చెప్పకు," అన్నాడు.

"ఆ సంగతి నేను చూసుకుంటాను. హార్డ్ డిస్కుల సంచీలోంచి తీసి అత్తయ్య బీపీ మాత్రల పక్కన పెడతాను. అడిగితే చెప్తాను."

ఆ సాయంత్రమే పెట్టాను. అత్తయ్య చూసింది. పట్టీ తిరగేసి చదివింది. తన మాత్రల డబ్బా రెండంగుళాలు పక్కకి జరిపింది. చోటిచ్చిందో, దూరం జరిగిందో ఇప్పటికీ తెలీదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగేటప్పుడు టైమెంతని మూడుసార్లు అడిగానట. అంతే. నేను బయటపెట్టిన రహస్యాలన్నీ అవే.

పదకొండో రోజున ఆఫీసుకి వెళ్లి ముందుగా ఫారాల లెక్క తీశాను. పేర్లు కనపడవు, అంకెలే. మగవాళ్లవి పదింటిలో రెండు బంధువులు నింపారు. ఆడవాళ్లవి పదింటిలో ఎనిమిది. ఆ ఎనిమిదింటిలో దాదాపు అన్నిట్లోనూ రోజూ వాడే మందులు "లేవు". వీళ్లలో ఎంతమందికి నిజంగా లేవో నాకు తెలీదు. "బంధువు" దగ్గర ముందే టిక్ పెట్టే ఆ లైను తీసేశాను. కౌంటర్ దగ్గర క్యూ పెరుగుతుందని మేనేజర్ ఫోన్ చేశాడు. పెరగనివ్వండన్నాను. "ఈ ప్రశ్నలకి ఒంటరిగా జవాబు చెప్తారా?" అనే గడి కొత్తగా కలిపి, అది దాటితేనే ఫారం ముందుకు కదిలేలా చేశాను. నవ్వు బొమ్మ తీసేశాను.

ఇక మీ సంగతి. మీ ఒంటి గురించి అడిగిన ప్రశ్నకి మీ బదులు ఎవరు జవాబిచ్చారు? ఏం చెప్పారు, ఏది వదిలేశారు? నాకు రాయండి, చిన్నదైనా సరే. మీరే రాయండి. రాసేటప్పుడు పక్కనెవరైనా తొంగి చూస్తుంటే, బయట కుర్చీలున్నాయని చెప్పండి.