మంచు కొమ్మకి మట్టిగాజులు

ఆస్ట్రేలియా మంచుకొండల కింద ఉన్న జిండబైన్‌లో అద్దెకి తీసుకున్న ఆ ఇంట్లో మూకుడు లేదు. ఉన్న ఒక్క పెనం ఆమ్లెట్టుకి తప్ప దేనికీ పనికిరాదు. శ్రీలేఖ అందులోనే రెండు విడతలుగా పోపు వేసింది. ఆవాలు చిటపటలాడి పొయ్యి చుట్టూ ఎగిరాయి. పొగకి ఎక్కడ అలారం మోగుతుందోనని కిటికీ తెరిస్తే, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. పులిహోర కలిపి, గిన్నెకి తువ్వాలు చుట్టి, వేడి నిలిపే ఎస్కీ పెట్టెలో దించుతూంటే వివేక్ స్కీ జాకెట్ జిప్పు లాక్కుంటూ వంటింట్లోకి తొంగి చూశాడు.

"కాస్త ఎక్కువే కలుపు లేఖా. మా ఆఫీసు భార్గవ్ కూడా మనతోనే తింటాడు. పైన ఆ చిప్స్ కొనడం దండగ. నీకేం, కింద కూర్చుని చూసుకోవడమేగా."

చూసుకోవడమేగా! అబ్బో, ఎంత తేలికైన పనో. పొద్దున్నే లేచి అందరి బూట్లూ ఆరాయో లేదో తడిమి చూడాలి, గ్లౌజులు జతకి జత వెతకాలి. కొండ కింద కెఫేలో ఎవరూ లేపని మూల బల్ల ఒకటి పట్టుకుని, కాఫీ మీద కాఫీ కొంటూ, ఆ బల్లని సాయంత్రం దాకా కాపాడుకోవాలి. ఫోన్ మోగితే ఒకళ్ళకి పొడి సాక్సులు, ఒకళ్ళకి సన్‌స్క్రీన్ పట్టుకుని, కొండెక్కించే కుర్చీల లిఫ్టు దగ్గరికి పరిగెత్తాలి. ఇంటికొచ్చాక, ఒళ్ళు హూనమైపోయిందని సోఫాలో కూలబడే మగవాళ్ళకి వేడివేడిగా మిరియాల చారు పెట్టాలి. ఏటా లిఫ్టు వైపు వెళ్తూ వివేక్ చివరగా అనే మాట ఒకటుంది: "బ్యాగులు జాగ్రత్త." పన్నెండేళ్ళుగా ఆమె ఆ మాటకి తల ఊపుతూనే ఉంది.

అలాగని వివేక్ చెడ్డవాడేం కాదు. గొంతు పెంచడు, పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోడు. తన భార్యకి చలి పడదనీ, వాలు చూస్తే కళ్ళు తిరుగుతాయనీ మాత్రం గట్టిగా నమ్మేశాడు. అత్తగారు శేషుకుమారికైతే ఆ భయమే ఓ గొప్ప. "మా కోడలు నెమ్మదస్తురాలమ్మా. ఆ స్కీలూ గీలూ, ఆ తైతక్కలేమీ పట్టవు," అని సిడ్నీలో తాము ఉండే ఎడ్మండ్‌సన్ పార్క్‌లో కనబడిన ఆంటీకల్లా చెప్పుకునేది. శ్రీలేఖ పనిచేసే ల్యాబ్‌లోనూ అదే వరస. జూలై వచ్చిందంటే సగం మంది స్నోకి చెక్కేస్తారు. "నువ్వెలాగూ స్నో మనిషివి కాదుగా, ఈ వీకెండ్ కవర్ చేసేస్తావు కదూ," అని మేనేజరు నవ్వుతూ డ్యూటీలన్నీ ఆమె నెత్తిన వేసేది. ఆమె కాదనేది కాదు. కాదంటే ఇంకా చాలా చెప్పాల్సి వస్తుంది మరి.

ఎందుకంటే శ్రీలేఖకి స్కీయింగ్ వచ్చు. రావడమంటే అలా ఇలా కాదు.

యూనిలో చదివే రోజుల్లో రెండు చలికాలాలు ఇదే కొండ మీద లిఫ్టు దగ్గర పనిచేసింది. ఊగుతూ వచ్చే కుర్చీని చేత్తో ఆపి, జనాన్ని కూర్చోబెట్టి పంపే పని. ఇక్కడ వాళ్ళని లిఫ్టీలంటారు. డ్యూటీ దిగాక తోటి లిఫ్టీలతో పడుతూ లేస్తూ నేర్చుకుంది. రెండో ఏడు వచ్చేసరికి, మ్యాపులో నల్ల వజ్రం గుర్తుండే నిట్టనిలువు వాలులన్నీ ఆమెకి సొంత వీధులైపోయాయి. మ్యాపులో లేనివి కూడా. మంచులో పెరిగే స్నో గమ్ చెట్ల సందుల్లోంచి దూరి పోయే దొంగదారులు, రిసార్టు హద్దుల్లోనే ఉన్నా పనివాళ్ళకి తప్ప ఎవరికీ తెలియనివి. సంబంధం కుదిరేటప్పుడు అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి, "ఆ కొండ మీద కూలిపని ఊసెత్తకు తల్లీ. ఇంటర్న్‌షిప్ అని చెప్పాం," అంది. సరే అనుకుంది. పెళ్ళయిన మొదటి చలికాలం వివేక్ ఆమెని పసిపిల్లల వాలు మీదికి తీసుకొచ్చి, "మోకాళ్ళు వంచు, భయపడకు, నేనున్నాగా," అన్నాడు. అతను అప్పుడప్పుడే నేర్చుకున్నాడు, మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు ఆర్పబుద్ధి కాక ఆమె పడింది. అతను లేవనెత్తి మురిసిపోయాడు. మళ్ళీ పడింది. రాత్రికి చెప్పేద్దాం అనుకుంది, రేపు చెబుదాం అనుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారేమోనన్న బెంగ పట్టుకున్నాక ఇక చెప్పనే లేదు. ఆ తర్వాత గీతిక కడుపున పడింది, బ్యాగులు చేతికొచ్చాయి. కానీ కాళ్ళు ఊరుకుంటాయా? ఇంట్లో సింకు ముందు గిన్నెలు తోముతూ మోకాళ్ళు వంచి, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఉండేది. "కాళ్ళు నొప్పులా?" అని వివేక్ అడిగేవాడు. అవునండీ అనేది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు కెలుక్కుందంటే, నిన్న సాయంత్రం గీతిక చెప్పిన మాట వల్ల. పదకొండేళ్ళ పిల్ల, స్కీ స్కూల్లో పై క్లాసుకి ఎక్కింది. బూట్లు విప్పకుండానే మొదలుపెట్టింది.

"మమ్, అవర్ కోచ్ షోడ్ అస్ ద సీక్రెట్ రన్! ఓ చెట్టుకి ఫుల్ బ్యాంగిల్స్ ఉన్నాయి తెలుసా? ఆ చెట్టు పక్క నుంచే ఎంట్రన్స్. ఈ రోజు టైమ్ అయిపోయింది, జస్ట్ చూశాం. లోపలికి ఒక్కళ్ళే వెళ్ళకూడదట. రేపు లాస్ట్ డే. డాడ్, ప్లీజ్, యూ హావ్ టు టేక్ మీ."

శ్రీలేఖ చేతిలో గరిటె ఆగిపోయింది. వివేక్ కాళ్ళు చాపుకుని హాయిగా నవ్వాడు.

"ఎవరో తాగి చెట్టెక్కి తగిలించుంటారు నాన్నా. సీజన్‌కి పని కోసం వచ్చే వాళ్ళకి ఇంకేం పనుంటుంది? పొద్దంతా లిఫ్టు దగ్గర నిలబడ్డం, రాత్రికి తాగి తందనాలాడ్డం. సరేలే, రేపు తీసుకెళ్తా. వీడియోల్లో అన్నీ చూశాగా, ఎక్స్‌పర్ట్ టెరైన్ అంటే ఏదో అనుకుంటారు గానీ టెక్నిక్ తెలిస్తే చాలు."

శ్రీలేఖ చారులో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్ళీ వేసింది. ఆ రాత్రి అందరూ చారు ఉప్పగా ఉందన్నారు.

మర్నాడు మధ్యాహ్నం. ఆమె కెఫే బల్ల దగ్గర పులిహోర గిన్నె మూత తీస్తుండగా తండ్రీకూతుళ్ళు వచ్చారు. గీతిక ముక్కు ఎర్రబడి ఉంది, అది చలికి కాదు. వివేక్ హెల్మెట్ బల్ల మీద పెట్టి, ఎవరూ అడగకముందే చెప్పుకొచ్చాడు.

"అంతా ఐస్. సేఫ్ కాదు. అంచు దాకా వెళ్ళి చూసి తిరిగొచ్చేశాం. భార్గవ్ కూడా వద్దన్నాడు."

"పక్కనుంచి కిడ్స్ వెళ్ళారు డాడ్," అంది గీతిక. "నువ్వే భయపడ్డావ్."

"భయం కాదమ్మా, జడ్జ్‌మెంట్. వచ్చే ఏడాది చూద్దాం."

వచ్చే ఏడాది! ఆ మాట విన్నాక శ్రీలేఖ లోపల ఏదో తెగింది. తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుంది ఆ మాట! ఈ కాళ్ళు ఇంకెన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటాయి? ఇప్పుడు లేవకపోతే ఆ దారి ఇక తనది కాదు. ఈ పిల్ల కూడా పెద్దయ్యాక మా అమ్మ కింద కూర్చుని బ్యాగులు చూసేది అనే చెబుతుంది, పాపం ఆ పిల్లకి తెలిసిందే అది కదా. గరిటె గిన్నెలో పెట్టేసి లేచి నిలబడింది.

"నేను తీసుకెళ్తాను పద."

"ఎక్కడికి? పిల్లల టొబాగన్ బండి మీద జారడానికా?" అన్నాడు వివేక్.

"గాజుల చెట్టు దగ్గరికి. పులిహోర వడ్డించుకోండి."

వివేక్ నవ్వాలో వద్దో తేలక పులిహోర వైపు చూశాడు. అతను తేల్చుకునేదాకా శ్రీలేఖ ఆగలేదు. సామాను అద్దెకిచ్చే కౌంటరు దగ్గర కుర్రది బూట్లు కొలిచి, స్కీలకి బూటు బిగించే స్ప్రింగు సరిచెయ్యడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని, "బిగినరా, ఇంటర్మీడియటా, అడ్వాన్స్‌డా?" అని అడిగింది. ఈ ప్రశ్నకి ఆ మొదటి చలికాలం జవాబు చెప్పింది వివేక్. ఇప్పుడు శ్రీలేఖే "అడ్వాన్స్‌డ్," అంది. కుర్రది తలెత్తను కూడా ఎత్తలేదు, స్ప్రింగు బిగించి, కర్రలూ గాగుల్సూ కలిపి ఇచ్చింది. ఇంతేనా! ఇంత చిన్న మాటనా ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకుని తిరిగింది!

లిఫ్టు కుర్చీ ఊగుతూ వచ్చింది. అక్కడి లిఫ్టీ కుర్రాడు చేత్తో ఆపి పట్టుకున్నాడు. అలా ఆపేటప్పుడు మణికట్టు ఎక్కడ లాగుతుందో ఆమెకి తెలుసు. "థాంక్యూ" అని గట్టిగా చెప్పింది, తనకి ఆ రోజుల్లో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. నేల కిందికి జారిపోయాక కూతురి వైపు తిరిగింది.

"గీతూ, ఆ అబ్బాయి చేస్తున్న పని నేను రెండు వింటర్లు చేశాను. ఇదే కొండ మీద."

"నో వే." పిల్ల కళ్ళు గాగుల్స్‌లో ఇంతింతయ్యాయి. "లైక్, యూ వర్ అ లిఫ్టీ? దట్స్ సో కూల్! వై డిడ్‌న్ట్ యూ టెల్ మీ?"

హమ్మయ్య. అమ్మ గుసగుసగా దాచమన్నదాన్ని పిల్ల కూల్ అనేసింది. గుండెల మీద ఎవరో కూర్చుని ఉండి ఇప్పుడే లేచి వెళ్ళినట్టయింది శ్రీలేఖకి. నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. గాగుల్స్ లోపల తుడుచుకోవడం ఎలాగో తెలియక రెంటినీ అలాగే వదిలేసింది.

పైన గాలి కోస్తోంది. నల్ల వజ్రం బోర్డు దాటి అంచున నిలబడితే వాలు సగం కనబడి, సగం కనబడకుండా పోతోంది. వివేక్ అబద్ధమాడలేదు, మంచు గట్టిగానే ఉంది. "మమ్, ఆర్ యూ ష్యూర్?" అంది గీతిక. ష్యూర్ ఎక్కడిది! అయినా కర్రలు గుచ్చి దూకింది. మొదటి మలుపు బాగానే వచ్చింది. రెండో మలుపులో స్కీ అంచు పట్టు తప్పి, దబ్బున పక్కకి పడి, నడుం మీద జారుకుంటూ పోయి ఓ మంచు దిబ్బకి ఆనుకుని ఆగింది. తుంటి మండిపోతోంది. గీతిక కంగారుగా కిందికి వచ్చేసరికి తల్లి మంచులో వెల్లకిలా పడి పకపకా నవ్వుతోంది. పన్నెండేళ్ళ కిందట నటించినవి ఎన్నో. ఇది మాత్రం అసలు సిసలు పడటం. లేచి దులుపుకుంది. ఆ తర్వాత కాళ్ళకి వేరే చెప్పక్కర్లేకపోయింది. సింకు ముందు ఏళ్ళ తరబడి చేసినదంతా ఎక్కడికీ పోలేదు. ఒక మలుపు, ఇంకో మలుపు, మంచు గీసుకుంటున్న చప్పుడు, వెనకాలే పిల్ల కేరింతలు.

చెట్టు అక్కడే ఉంది. తెల్లటి వంకర మాను, కింది కొమ్మల నిండా ప్లాస్టిక్ గాజులు, జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు, పూసలు. గీతిక తన చేతి బ్యాండు తీసి ఓ కొమ్మకి తగిలించింది. తర్వాత పైకి చూసి, "అవి చూడు, ద రెడ్ వన్స్. ఎవరైనా అంత పైకి ఎలా వెళ్ళారు? డాడ్ అన్నట్టు క్లైంబ్ చేశారా?" అంది.

వాళ్ళ తలల మీద ఇంకో మనిషి ఎత్తున, ఒక సన్న కొమ్మ చివర రెండు ఎర్ర మట్టిగాజులు ఎండకి మెరుస్తున్నాయి.

"చెట్టెక్కలేదు నాన్నా. నేనిక్కడ పనిచేసిన ఏడాది మంచు విరగపడింది. మనం నిలబడ్డచోట అంతెత్తు మంచు ఉండేది. ఆ కొమ్మ నా భుజం దగ్గరికొచ్చేది. గ్లౌజు పట్టడం లేదని గాజులు తీసి కొమ్మకి తొడిగాను. వెనక్కొచ్చి తీసుకుందాం అనుకున్నాను. చేతులు బోసిగా ఉంచుకోకని అమ్మమ్మ పంపిన గాజులవి. నాలుగుండాలి."

గీతిక చాలాసేపు గాజుల వైపూ తల్లి వైపూ మార్చి మార్చి చూసింది. "సో ఇదంతా స్టార్ట్ చేసింది నువ్వా?" అంది మెల్లగా. "దింపనా? కర్రతో అందుతాయేమో."

"వద్దులే. అక్కడే బాగున్నాయి. దారి చూపిస్తున్నాయిగా."

చెట్టు పక్క సందులోంచి దూరారు. మాను తర్వాత మాను తప్పుకుంటూ, నీడల్లోంచి ఎండలోకి వస్తూ, కిందికంటా వచ్చేశారు. చెట్లలోంచి బయటపడేచోట, కెఫే ముందు, వివేక్ ఎస్కీ పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. ఆఖరి వాలంతా చూసినట్టున్నాడు, చేతిలో చెంచా అలాగే ఉంది.

"డాడ్! మమ్ వాజ్ అ లిఫ్టీ! ఆ బ్యాంగిల్స్ మమ్‌వే!"

వివేక్ భార్య వైపు చూశాడు. కోపం లేదు ఆ మొహంలో, లెక్క తప్పిన మనిషి అయోమయం ఉంది.

"లిఫ్టు దగ్గర పనిచేశానండీ, యూనిలో ఉండగా. ఇంటర్న్‌షిప్ కాదు. అత్తయ్యగారికి కూడా ఇంటికెళ్ళాక నేనే చెప్తాను," అంది శ్రీలేఖ. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

"మరి ఆ మొదటి ఏడు..." వివేక్ ఆగి, మళ్ళీ మొదలెట్టాడు. "నేను నేర్పుతుంటే అన్నిసార్లు పడ్డావు కదా. లేపాను కదా నేను. అదంతా?"

"మీరు లేపుతుంటే మీ మొహం వెలిగిపోయేది. అందుకని పడ్డాను." తుంటికి అంటుకున్న మంచు చూపించింది. "ఇదుగో, ఇందాక పైన పడ్డాను. ఇది నిజం. నేనే లేచాను."

వివేక్ చెంచా గిన్నెలో పెట్టి, చోటు చేస్తూ కాస్త పక్కకి జరిగాడు. గీతిక అప్పటికే లిఫ్టు వైపు జారిపోతూ, "మమ్, వన్ మోర్! కమాన్!" అని అరుస్తోంది. శ్రీలేఖ గ్లౌజులు బిగించుకుని, గాగుల్స్ దించుకుని వెనక్కి తిరిగింది.

"బ్యాగులు జాగ్రత్తండీ."