తెల్లగా దిద్దిన కళ్ళు

శ్యామల పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఆ పిల్లకొచ్చిన కామెర్లను అందరికంటే ముందు చూసింది నేనే. చూసి ఎవరికీ కనపడకుండా చేసింది కూడా నేనే. నేనేమీ డాక్టర్ని కాను. సారపాకలో ఫోటో స్టూడియో నడుపుకునే అతీక్‌ని.

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. దానికి తోడు ఆ కెమెరా! ఖమ్మంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయిన వానాకాలం గోదావరి గట్టు మీద ఫోటోలు తీస్తుంటే బాగా తడిసింది. బియ్యంలో పెట్టమని ఊరంతా సలహా ఇస్తే పెట్టాను. మూడు రోజులు బియ్యం డబ్బాలో కూర్చుని వచ్చాక అది తీసిన ప్రతి ఫోటో వంకాయ రంగులో వచ్చింది. ఒకాయన తన పాస్‌పోర్టు ఫోటో చూసుకుని, "ఏంది భాయ్, సచ్చి మూడొద్దులైనోని లెక్కున్న గదా!" అన్నాడు. ఖమ్మంలో కెమెరాలు బాగుచేసే సర్వర్ చాచా దగ్గరికి తీసుకుపోతే ఆయన విప్పి, తుడిచి, ఏవో మార్చి ఇచ్చాడు. అప్పట్నుంచీ రంగు కాస్త తేడాగా కనిపిస్తే చాలు, నేను తిట్టేది కెమెరానే.

శ్యామల తండ్రి పగిడయ్య కాగితం మిల్లుకు వెదురు కొట్టే కూలీ. అడవి లోపలి గూడెంలో రెండెకరాల పొలం కూడా ఉంది. నెలన్నర కింద, ఎండాకాలంలో బిడ్డ పెళ్ళికి ఫోటోలు తియ్యమని స్వయంగా వచ్చి పిలిచాడు. వెళ్ళాను. ఇంటి ముందు పచ్చి కొమ్మలతో పెద్ద పందిరి వేశారు. పచ్చి పందిరంటే మా ఫోటోగ్రాఫర్లకు తలనొప్పి. ఆకుల్లోంచి దిగే వెలుతురు మనుషుల ముఖాల మీద ఆకుపచ్చగా పడుతుంది. అందుకే ముందు ఒక తెల్ల కాగితం ఫోటో తీసి, తెలుపంటే ఇదీ అని కెమెరాకు చూపించుకుంటాం. ఆ పని చేశాకే మొదలుపెట్టాను.

పెళ్ళికూతురు పసుపు రంగులో వచ్చింది. మళ్ళీ తెల్ల కాగితం చూపించాను. అదే రంగు. ఫ్లాష్ వేశాను, లెన్స్ తుడిచాను, ఇంకో లెన్స్ పెట్టాను, మెమరీ కార్డు కూడా మార్చాను. ఏం చేసినా ఆ పిల్ల పసుపు ముద్దలాగే ఉంది. నాకు తిక్క రేగింది.

"ఏంది బిడ్డా, ఊళ్ళె ఉన్న పసుపంత నీకే పూసిన్రా?" అన్నాను.

నలుగూ పెళ్ళీ ఒకే రోజు పెట్టుకున్నారు. పెళ్ళికొడుక్కీ పూశారు, తోడిపెళ్ళికూతురికీ పూశారు. శ్యామల నవ్వింది. "మొఖం కడుక్కొని రావాల్నా అన్నా?" అని అడిగింది.

"పో, జల్దీ కడుక్కొని రా."

కడుక్కుని వచ్చింది. పందిరి బయట ఎండలో నిలబెట్టి తీశాను. ఏమీ మారలేదు. ఈలోగా ఆ పిల్ల గోడకు చేరబడి కింద కూర్చుంది. "కొంచెం ఆగు అన్నా, కాళ్ళు గుంజుతున్నయ్" అంది. పెళ్ళి రోజు కూడా ఇంత బద్ధకమేమిటని అరిచి నిలబెట్టాను. నా నోరు పడిపోను! ఆ రోజు ఆ పిల్లను పదిసార్లు నిలబెట్టి ఉంటాను.

మర్నాడే ఖమ్మం బస్సెక్కాను. సర్వర్ చాచా కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, తెల్ల కాగితాన్ని ఫోటో తీశాడు, నల్ల గుడ్డను తీశాడు, ఎదురు కొట్లో ఎండుమిర్చి బస్తాను తీశాడు. కెమెరా నా చేతిలో పెట్టి, "మెషీన్ పక్కా ఉంది బేటా. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది" అన్నాడు.

"మరి ఈ పెళ్ళికూతురేంది చాచా, గిట్లొచ్చింది?"

ఆయన వెనక చిన్న తెరలో చూశాడు. "పక్కనోళ్ళు మంచిగనే ఉన్నరు గదా. మనుషుల్ని ఏరుకొని రంగు మారుస్తదా మెషీన్?"

"నలుగు పసుపు చాచా."

"మరింకేం? పసుపును పసుపు అని చూపిస్తే మెషీన్ను తిడతవా? పో, పని చేసుకో."

వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫోటో పెద్దది చేశాక మొదటిసారి కళ్ళు కనిపించాయి. పెళ్ళికొడుకు కళ్ళు తెల్లగా ఉన్నాయి. పక్కనే శ్యామల కళ్ళు పసుపుగా ఉన్నాయి. ఒకే ఫోటో, ఒకే వెలుతురు! కెమెరా తప్పయితే ఇద్దరి కళ్ళూ మారాలి కదా. నలుగు పసుపయితే కంటిలోపలికి ఎలా పోతుంది? ఇంత చిన్న లెక్క ఇరవై ఏళ్ళ నుంచి ఫోటోలు తీస్తున్నవాడికి తట్టలేదు. తట్టలేదంటే అబద్ధమే. ఒక్క క్షణం ఏదో అనిపించింది. కానీ పగిడయ్య తొందర పెడుతున్నాడు, ఇంకో పెళ్ళి పని మీద పడింది. మౌస్ పట్టుకుని ముఖం రంగు దిద్దాను, కళ్ళు తెల్లగా చేశాను. సినిమా హీరోయిన్‌లా వచ్చిందని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

పెళ్ళైన ఆరో రోజు పగిడయ్య వస్తే ఆల్బమ్ కంటే ముందు రెండు ఫోటోలు చేతిలో పెట్టాను. చొక్కా జేబులో పెట్టుకుని సంబరంగా వెళ్ళిపోయాడు. మరో పదిహేను రోజులకు శ్యామల చనిపోయిందన్న కబురు మిల్లు గేటు దగ్గర విన్నాను. కామెర్లు ముదిరి లివర్ పాడైందన్నారు. టీ గ్లాసు అక్కడే బల్ల మీద వదిలేసి స్టూడియోకి పరుగెత్తాను. అసలు ఫోటో తెరిచి చూశాను. ఆ రోజు ఇంటికి అన్నానికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు.

ఇవాళ పొద్దున పగిడయ్య వచ్చాడు. మనిషి సగమయ్యాడు. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"దవాఖానల నీ ఫోటోనే చూపిచ్చిన తమ్మీ" అన్నాడు. "కండ్లు ఎన్నొద్దుల నుంచి పచ్చగున్నయని డాక్టర్ అడిగిండు. నాకేమెరుక? జేబుల ఫోటో ఉండె. గిదిగో సార్, పెండ్లికి మంచిగనే ఉండె, గీ నాలుగొద్దుల సందే గిట్లయింది అని చూపిచ్చిన. ఆయన చూసి, నాలుగొద్దులే గదా, మందులేసి చూద్దాం అన్నడు. రెండొద్దులు చూసిండ్రు. పెద్ద దవాఖానకు రాసేసరికి పిల్లకు సోయి లేదు."

అతను నన్ను తప్పు పట్టడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాడు. నేనే ఇక ఆగలేకపోయాను. చెయ్యి పట్టుకుని లేపి, కంప్యూటర్ ముందుకు తీసుకుపోయి అసలు ఫోటో తెరిచాను.

"చూడు పగిడన్నా. పెండ్లినాడే గిట్లున్నది. నేనే మార్చిన. నేను మార్చకుంటే, నువ్వు గీ ఫోటో చూపిచ్చేటోడివి. డాక్టర్కు తెలిసేది. పిల్లను నేనే చంపిన అన్నా. కొట్టు నన్ను, తిట్టు!"

పగిడయ్య కొట్టలేదు, తిట్టలేదు. తెర దగ్గరికి వంగి బిడ్డ ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"మేం గూడ చూసినం తమ్మీ. నలుగు తెల్లారి తానం జేసి వస్తే ఒళ్ళంత గట్లనే ఉండె. పసుపు పోలేదని జంపక్క మల్ల పంపింది. మల్ల గట్లనే వచ్చింది. సబ్బు వెట్టి రుద్దుకోనీకె గూడ బద్దకమా, అత్తగారోళ్ళు ఏమంటరే అని వీపు మీద రెండు దెబ్బలు కొట్టింది. శాతనైతలేదే అవ్వా అని పిల్ల ఏడ్చింది. గప్పుడు నేను పక్కనే ఉన్న."

జంపక్క అతని భార్య, శ్యామల తల్లి. నేను ఆమెను పెళ్ళి పందిట్లో చూశాను. కూతురి జడలో పూలు సరిగ్గా కనిపించేలా తియ్యమని నా చుట్టూ తిరిగింది.

"పిల్ల పోయినంక జంపక్క మెతుకు ముట్టలే" అన్నాడు పగిడయ్య. "రోగమొచ్చిన పిల్లను కొట్టిన, రోగమొచ్చిన పిల్లను కొట్టిన అని తల బాదుకునేది. ఒకనాడు నువ్విచ్చిన ఫోటో తీసి చూసింది. కండ్లు తెల్లగున్నయ్. గప్పుడు రోగం లేదు, నేను కొట్టింది మంచిగున్న పిల్లనే, ఒంటి మీదున్నది వట్టి పసుపే అన్నది. గానాడు ఇంత గంజి తాగింది. గిప్పుడు రోజూ ఫోటో చూసి గదే మాట అంటది, ఇంత తింటది."

భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. సిగ్గేముంది ఇందులో? ఇద్దరం మగవాళ్ళం, తలుపు సగం దించి ఏడ్చాం.

"గా చిన్న ఫోటో చేతులల్ల నలిగిపోయింది తమ్మీ. గోడకు పెట్టేటంత పెద్దది కావాలె. నువ్విప్పుడు చూపిచ్చిన ఫోటో ఉన్నట్టు జంపక్కకు తెలవొద్దు. దాన్ని తీసెయ్."

నేను తల ఊపాను. దిద్దిన ఫోటో తెరిచి, గోడకు పెట్టే సైజుకు పెంచాను. శ్యామల ముఖం తెర నిండా పరుచుకుంది. చిన్న ఫోటోలో తెలియలేదు గానీ, ఇంత పెద్దది చేస్తే ఎడమ కంటి కొసన నా చెయ్యి పడని చోటు బయటపడింది. అక్కడ సన్నగా పసుపు మిగిలి ఉంది. నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. అదొక్కటైనా ఉండనీ అనుకున్నాను.

నా వెనక నిలబడ్డ పగిడయ్య భుజం మీదుగా చెయ్యి చాపి, వేలితో ఆ చోటు చూపించాడు.

"గీడ ఉన్నది తమ్మీ. జంపక్క కనిపెడ్తది. గిది గూడ తెల్లగ జెయ్యి."