ఆలస్యంగా కుదిరిన అద్దం

కనకం బిలాస్‌పూర్ రైల్వే బడిలో సైన్సు టీచరు. తమ్ముడు నూకరాజు లోకో షెడ్‌లో ఫిట్టరు. అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ ఒకే క్వార్టర్లో ఉండేవారు.

1984 చివర్లో ఒక పత్రికలో కనకం ఓ ఫొటో చూసింది. పసితనం వదలని ఒక నక్షత్రం, దాని చుట్టూ పళ్లెంలా పరుచుకున్న ధూళి. గ్రహాలు అలాంటి ధూళిలోంచే ముద్దకడతాయని తమ్ముడికి చెప్పింది.

"మన భూమీ అలాగే పుట్టిందేటి?" అన్నాడు నూకరాజు.

"అలాగే. ఆ పళ్లేలు మనకి కనబడవు గానీ, కొత్త చుక్కలు పుట్టే మబ్బు గొల్లకావడి మూడు చుక్కల కిందే ఉంది. దుర్భిణి ఉంటే సూడొచ్చు."

నూకరాజు ఆ మాట పట్టుకున్నాడు. సిర్గిట్టిలో పాత సామాన్ల కొట్టునుంచి మందపాటి గాజుబిళ్లలు రెండు మోసుకొచ్చాడు. డ్యూటీ దిగగానే పెరట్లో డ్రమ్ము మీద ఒకటి బిగించి, తడిపిన రాపుడుపొడి వేసి, రెండోదానితో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. దుర్భిణికి అద్దం కావలసిన పై బిళ్ల మెల్లగా గుంటపడింది. మెరుగుపెట్టి, వంపు సరిచూడడం కనకం పని.

ఏడాదికి అద్దం ఓ రూపానికొచ్చింది. అంచు దగ్గర మాత్రం వంపు కాస్త తప్పింది.

"ఉన్నకాడికి వెండిపూత ఏయించేద్దాం అక్కా. ఈ సలికాలమే సూద్దాం."

"తప్పు అద్దంతో ఏటి సూత్తావురా? మళ్లీ రుద్దాలి."

మళ్లీ రుద్దారు. మరుసటి చలికాలానికి కూడా అద్దం ఆమెకు నచ్చలేదు. నూకరాజు ఈసారి బతిమాలినట్టే అడిగాడు. కనకం విసుక్కుంది. దీపాలు పెట్టేవేళ అతను గడప తన్నుకోవడం, సైకిలు మానేసి నడిచి రావడం ఆమె చూస్తూనే ఉంది. అలసట అనుకుంది.

మూడో చలికాలానికి అద్దం కుదిరింది. పూత వేయించి గొట్టంలో బిగించారు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, చీకటి పడగానే, కనకం దుర్భిణిని ఆ మబ్బు మీదకు తిప్పింది. బూడిదరంగు రెక్కల మధ్య నాలుగు చిన్న చుక్కలు. గబగబా పక్కకి జరిగి తమ్ముణ్ణి పిలిచింది.

అతను చాలాసేపు వంగి చూశాడు.

"ఏటీ కనబడతల్లేదక్కా."

"సరిగ్గా సూడరా, పొగలా ఉంటాది."

"సీకటైతే నాకేటీ కనబడదు. రెండేళ్లబట్టి తగ్గుతా వచ్చింది. షెడ్‌లో తెలిత్తే ఉజ్జోగం పోద్దని ఎవరికీ సెప్పలేదు."

నాకైనా చెప్పొచ్చు కదా అనబోయి కనకం ఆగిపోయింది. అతనికి అంత తొందరెందుకో తనూ ఏనాడూ అడగలేదు.

కంటి లోపలి పొర పాడయ్యే రకం రేచీకటి అన్నాడు డాక్టరు, దానికి మందు లేదన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ పగటిచూపూ ముడుచుకుపోయింది. రైల్వేవాళ్లు నూకరాజును టెలిఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. అతనే తియ్యమన్నా కనకం దుర్భిణిని మళ్లీ బయటికి తియ్యలేదు.

1994లో ఓ ఆదివారం హిందీ పేపర్లో ఫొటో వచ్చింది. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఆ మబ్బులోనే, కొత్త చుక్కల చుట్టూ ధూళిపళ్లేలను పట్టుకుంది. టీ తాగుతున్న తమ్ముడి పక్కన కూర్చుని కనకం తెలుగులో చెబుతూ చదివింది. పక్కనే ఉన్న పెద్ద నక్షత్రం వేడికి కొన్ని పళ్లేలు గ్రహాలు కట్టకముందే చెదిరిపోవచ్చట.

"అచ్ఛా. అన్నీ భూములవ్వవన్నమాట."

"అవ్వవు." కనకం పేపరు దించింది. "ఆ మొదటి సలికాలమే నీకు సూపించాల్సిందిరా."

నూకరాజు కాదనలేదు. "అప్పుడు కొంచెం కనబడేది," అన్నాడు. కప్పు కింద పెట్టడానికి చేత్తో నేల తడిమి చూసుకున్నాడు. "మిగతాది సదువు."

కనకం చదివింది.