కారు పైకప్పుకి కర్టెన్

ఎండ ఎక్కువైందని అత్తగారు అన్నప్పుడు, కాస్త లోకం తెలిసిన అల్లుడెవడైనా ఆవిడ ముఖంలోకి చూసేవాడు. ఈ అల్లుడు తలెత్తి కారు పైకప్పు చూశాడు.

చూడగానే ఆవిడ మాట నిజమే అనిపించింది. ఆ కారుకి నెత్తిన రేకు లేదు. ముందు అద్దం దగ్గర మొదలై వెనక సీటు దాటేదాకా ఒకటే పెద్ద అద్దం. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి సూర్యుడు సరిగ్గా దాని మీదికి వస్తాడు. లోపల కూర్చున్నవాళ్ళకి మాడు పగిలిపోతుంది.

"వచ్చే వారం నుంచి ఆసుపత్రి వ్యానులో వెళ్తానులెండి అల్లుడుగారూ. ఈ ఎండ నావల్ల కావడం లేదు."

అంత మాట అంత మెల్లగా చెప్పి, సంచీ తీసుకుని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అతను స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. 

అతను కర్టెన్లు కుట్టే మనిషి. వయసు నలభై నాలుగు. బజారులో అందరూ కొలతలాయన అంటారు. ఎవరింటికి వెళ్ళినా కిటికీ పొడవెంత, వెడల్పెంత, కుచ్చులు దగ్గరగానా దూరంగానా అని అడగడం తప్ప రెండో మాట మాట్లాడడని ఆ పేరు పెట్టారు. అందులో తిట్టూ లేదు, పొగడ్తా లేదు, ఉన్న మాట అన్నారు. అలాంటివాణ్ణి కట్టుకుని పన్నెండేళ్ళు నవ్వుతూ కాపురం చేసిన భార్య, మూడేళ్ళ కిందట జ్వరమని ఆసుపత్రిలో చేరి నాలుగో రోజున పోయింది. పిల్లల్లేరు. ఆ అద్దం కారు ఆమె ముచ్చటపడి కొనిపించిందే. షోరూములోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకుని, వాన పడుతుంటే కింద నుంచి చూడొచ్చని చిన్నపిల్లలా సంబరపడింది. ఎండ సంగతి మొగుడికీ తట్టలేదు, పెళ్ళానికీ తట్టలేదు.

అత్తగారు అదే ఊళ్ళో అవతలి చివర, మొదటి అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆవిడ గుండెలో ఒక కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రతో రక్తం మరీ పలచబడుతోందేమోనని వారం వారం పరీక్ష చేయించుకోవాలి. కూతురు ఉన్నన్నాళ్ళూ కూతురే తీసుకెళ్ళేది. కూతురు పోయిన మూడో వారం, మంగళవారం పొద్దున్న, అల్లుడు కారేసుకుని వచ్చి కింద నిలబడ్డాడు. ఏమీ అనకుండా వెనక తలుపు తీశాడు. ఆవిడా ఏమీ అనకుండా ఎక్కి కూర్చుంది. అప్పటినుంచి ఒక్క మంగళవారం తప్పలేదు.

వెళ్ళడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు. ఆ దారి పొడుగునా వాళ్ళిద్దరూ కబుర్ల మూట విప్పేవాళ్ళనుకుంటే పొరపాటు. తిన్నారా అని ఆవిడ అడిగేది. తిన్నాననేవాడు. ఒక్కోసారి ఆవిడకి కూతురి చిన్ననాటి సంగతేదో గుర్తొచ్చేది. బడికి వెళ్ళనని బీరువాలో దాక్కుని అక్కడే నిద్రపోయిందనీ, ఊరంతా వెతికి వచ్చి బట్టలు మార్చుకుందామని బీరువా తెరిస్తే లోపల గురక పెడుతోందనీ చెప్పేది. అతను ఊఁ కొట్టేవాడు. అంతే. ఆ 'తిన్నారా' అన్న ఒక్క మాట కోసం వారమంతా మిషను తొక్కుతున్నాడని ఆవిడకి తెలియదు. చెబితే కదా తెలిసేది.

మిగతా ఆరు రోజులూ అతనితో మాట్లాడేవాళ్ళు కిటికీల గురించే మాట్లాడతారు. ఇంటికొస్తే రెండు గదులు, ఒక వంటిల్లు, తన చెప్పుల చప్పుడు. కుక్కరు కూత పెడితే ఉలిక్కిపడతాడు, పెట్టింది తనే అయినా. అలాంటి బతుకులో మంగళవారం కూడా ఊడిపోతే ఇంకేముంది?  ఆ సాయంత్రమే ఫోను చేసి, ఇంకొక్క వారం ఆగమనీ, పైకప్పు సంగతి తను చూసుకుంటాననీ అత్తగారిని బతిమాలాడు.  చివరికి ఆవిడ సరే అంది.

బుధవారం దుకాణం తెరవకుండానే స్టూలెక్కి కారు మీద పడ్డాడు. కిటికీలు కుదురైనవి. నాలుగు మూలలుంటాయి, చెప్పినట్టు వింటాయి. ఈ అద్దం అటూ వంగింది, ఇటూ వంగింది. కడ్డీ దూర్చడానికి చోటు లేదు. రెండు పాత గొడుగులు విప్పి, ఆ పుల్లలు అంచుల్లో కుట్టి, వంచి నొక్కితే అద్దం చుట్టూ బిగుసుకునేలా చేశాడు. హోటలు గదుల్లో పగలే చీకటి చేయడానికి వాడతారే, ఆ మందపాటి లైనింగు గుడ్డ తీసుకున్నాడు. దానికి ఒక వైపు నలుపు, ఒక వైపు వెండి పూత.

అక్కడే కొలతలాయన తప్పులో కాలేశాడు. కర్టెన్లు కుట్టేవాడికి గుడ్డకి మంచి వైపూ తిరగ వైపూ అని రెండే ఉంటాయి. మంచి వైపు ఇంట్లోవాళ్ళకి కనపడాలి, తిరగ వైపు వీధి చూడాలి. ఇరవై అయిదేళ్ళుగా ఆ చెయ్యి అదే పని చేసింది. తళతళలాడేదే మంచి వైపనుకుని వెండి పూతని కారు లోపలికి పెట్టి, నలుపుని అద్దానికి ఆనించి కుట్టేశాడు. అత్తగారి కళ్ళకి అందంగా ఉండాలి కదా మరి!

మంగళవారం ఆవిడ ఎక్కి పైకి చూసి, బాగుందే అంది. పది నిమిషాలకి నల్లగుడ్డ ఎండంతా తాగి పెనంలా కాలింది. వెలుతురు తగ్గింది గానీ వేడి పిసరంత కూడా తగ్గలేదు. ఏసీ గొంతు చించుకున్నా లాభం లేకపోయింది. ఆవిడ రుమాలుతో మెడ తుడుచుకుంటూ, పర్వాలేదులెండి, పర్వాలేదులెండి అంటూనే ఉంది. ఆ మాట విన్న ప్రతిసారీ అతని ప్రాణం చచ్చిపోయింది. దిగేటప్పుడు ఆవిడ, వ్యానువాళ్ళకి చెప్పేశాననీ, వచ్చే మంగళవారం ఒక్కటే మీతో వస్తాననీ అంది. మాట మెత్తగానే ఉంది. తీరు మాత్రం ఖాయం చేసుకున్న మనిషిది.

మర్నాడు కార్ల అద్దాలకి ఫిల్ము అతికించే ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఆయన లోపల తల పెట్టి చూసి, బయటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మెరిసే వైపు మనుషులకి చూపించారేంటి మాస్టారూ? అది చూపించాల్సింది సూర్యుడికి!"

అతనికి సిగ్గు ముంచుకొచ్చింది. ఇంతకాలం గుడ్డతోనే బతికి, ఏ వైపు ఎటుండాలో ఒక అద్దాలాయన చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. ఆయన మంచివాడే. వేడి గుడ్డ దాకా రాకముందే అద్దం దగ్గరే ఆపాలని నచ్చజెప్పి, వెలుతురుని వదిలి వేడిని ఆపే ఫిల్ము ఒకటి చూపించాడు. ఒక రోజంతా తలుపులు మూసుకుని, దుమ్ము లేవకుండా నేల తడిపి, అద్దానికి అది అతికించాడు. కొలతలాయన కర్టెన్ విప్పి మళ్ళీ కుట్టాడు. వెండి పైకి, నలుపు కిందికి. ఆ నలుపు కనపడితే ఆవిడకి దిగులుగా ఉంటుందని దాని కింద మీగడ రంగు పలచటి గుడ్డ ఇంకొకటి వేశాడు.

మళ్ళీ తప్పితే ఇంకో మంగళవారం లేదు. అందుకని దుకాణం గోడకున్న థర్మామీటరు పీకి, మిట్టమధ్యాహ్నం కారుని వీధిలో ఎండలో నిలబెట్టి, దాన్ని వెనక సీటు మీద పెట్టి గంటసేపు చూశాడు. ఫిల్ము అతికించకముందు, కర్టెన్ లేకుండా ఒకసారి ఇలాగే పెట్టి చూస్తే యాభై నాలుగు చూపించింది. ఇప్పుడు నలభై మూడు దగ్గర ఆగింది. ఏసీ వేస్తే అయిదు నిమిషాల్లో ఇరవై ఆరుకి దిగింది. నమ్మకం కుదరక తనే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

ఆ సీట్లో అతను ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి చూస్తే ముందు రెండు సీట్ల వీపులు కనపడతాయి. ఒకదాంట్లో మనిషి తల వెనక భాగం ఉంటుందనుకోవాలి. రెండోది ఎప్పుడూ ఖాళీ. మూడేళ్ళ నుంచి ఆవిడ చూస్తున్నది ఇదే కదా అనుకున్నాడు. చల్లటి కారులో కూర్చుని అతనికి ఏడుపొచ్చింది. ఎందుకో తనకే సరిగ్గా తెలియలేదు. తలుపు తీసుకుని దిగి, పనుందని తనకి తనే చెప్పుకున్నాడు.

మంగళవారం ఎండ పగ పట్టినట్టు కాసింది. కారు లోపల మాత్రం చెట్టు నీడలో ఉన్నట్టుంది. ఆవిడ చెయ్యెత్తి మీగడ రంగు గుడ్డని తడిమి, కుట్లు సన్నగా వేశారు అంది. దారిలో తిన్నారా అని అడగలేదు. వచ్చేటప్పుడు కూతురి సంగతులూ చెప్పలేదు. ఇదే ఆఖరనుకుని అతను కారు ఎంత నెమ్మదిగా నడపొచ్చో అంత నెమ్మదిగా నడిపాడు. వెనక నుంచి హారన్లు మోగినా చెవిన వేసుకోలేదు. ఇల్లు రానే వచ్చింది. కారు ఆగింది. ఆవిడ దిగలేదు.

"ఎండ నేను పెట్టుకున్న సాకు అల్లుడుగారూ," అంది. "మీరింత అవస్థ పడతారనుకుంటే ఇంకేదైనా చెప్పేదాన్ని."

అతను వెనక్కి తిరగలేదు. తిరిగి ఏం చూడాలో తెలియలేదు.

ఆవిడ మెల్లగా, ఆగి ఆగి చెప్పుకొచ్చింది. కూతురు పోయాక అల్లుడు తనకి డ్రైవరైపోయాడంది. తను అతనికి వారానికొక డ్యూటీ అయిపోయానంది. ప్రతి సిగ్నలు దగ్గరా అతను స్టీరింగు పక్కనున్న గడియారం చూసుకోవడం తను గమనిస్తూనే ఉన్నానంది. దుకాణం మూసుకుని వచ్చిన మనిషికి ఎప్పుడు వదులుతుందా అని ఉండదా, ఉన్నా నోరు తెరిచి అనే మనిషి కాదు కదా, అందుకే తనే తప్పుకుందామనుకున్నానంది. మీకింకా వయసుంది, ఇలా ముసలిదాన్ని మోసుకుంటూ తిరగడమేంటి అని కూడా అంది.

అతను స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. ఇప్పుడు మాట్లాడకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడలేనని అతనికి తెలిసింది. 

"ఎంతసేపు మిగిలిందో చూసుకుంటాను."

"ఏంటి?"

"గడియారంలో. మీరు దిగడానికి ఇంకా ఎంతసేపుందో చూసుకుంటాను. ఇంకో సిగ్నలు పడితే బాగుండు అనుకుంటాను."

 రుమాలు కళ్ళకి అద్దుకున్న చప్పుడు లాంటిదేదో వెనక నుంచి వినపడింది. ఇక వ్యాను మానేస్తుందని అతనికి ఆశ కలిగింది. ఆవిడ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది.

"వ్యానులోనే వెళ్తాను," అంది. "మీరు వచ్చే మంగళవారం సాయంత్రం ఇంటికి రండి. దింపడానికీ కాదు, తీసుకెళ్ళడానికీ కాదు. ఊరికే రండి."

వస్తానన్నాడు. అనడానికేం, అనేశాడు. కానీ ఆ మనిషి పుట్టాక ఎవరింటికీ ఊరికే వెళ్ళలేదు. భార్య ఉన్నప్పుడు ఆమె వెనకాల వెళ్ళేవాడు, ఆమె మాట్లాడితే పక్కన కూర్చునేవాడు. ఆమె పోయాక పని ఉంటేనే గడప తొక్కాడు. ఊరికే వెళ్ళిన మనిషి లోపల ఏం చేస్తాడు? ఎక్కడ కూర్చుంటాడు? ఎప్పుడు లేస్తాడు? వారమంతా ఇదే ఆలోచన. ఒక పరదాకి అంచు తిరగేసి కుట్టి, విప్పి మళ్ళీ తిరగేసే కుట్టాడు.

మంగళవారం వచ్చింది. పదకొండు గంటలప్పుడు ఆవిడ వ్యానెక్కి ఉంటుందనుకున్నాడు. ఒంటిగంటప్పుడు దిగి ఉంటుందనుకున్నాడు. అయిదింటికి దుకాణం మూసి బయలుదేరాడు. వెనక ఎవరూ లేని కారులో ఊరి అవతలి చివరికి వెళ్ళేసరికి అతనికి నాలుగు గంటలు పట్టినట్టయింది. ఆవిడ ఇంటి కింద కారాపి అరగంట అందులోనే కూర్చున్నాడు. చివరికి ముందు సొరుగు తెరిచి, కొలతల టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. ప్రాణం కుదుటపడింది. మెట్లెక్కి గంట కొట్టాడు.

ఆవిడ తలుపు తీసింది. చేతిలో అదేంటని అడిగింది.

"మీ వంటింటి కిటికీకి కర్టెన్ పాతదైపోయింది కదా అని... కొలత తీసుకుందామని."

ఆవిడ టేపు చూసింది. అతన్ని చూసింది. నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు.

"అది కారులో పెట్టి రండి," అంది. తలుపు అలాగే తెరిచి ఉంచి లోపలికి వెళ్ళింది.

అతను కిందికి దిగాడు. కారు తలుపు తీసి టేపు సీటు మీద పడేసి, తనూ కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. భార్య పోయిన రోజున కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు చేయాల్సిన పనులుండేవి. ఇంటికెళ్ళిపోదామా అని తాళంచెవి తిప్పబోయాడు కూడా. పైన ఆవిడ తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుని ఉంటుందని గుర్తొచ్చింది. కారు దిగి, ఖాళీ చేతులతో మళ్ళీ మెట్లెక్కాడు.