కిందికి దిగిన ఆవిరి

ఉదయం ఏడయ్యేసరికి ఇస్త్రీ అక్క బండి వీధి మలుపులో నిలబడేది. ముందు పెట్టెలో బొగ్గులు రాజేసేది, తర్వాత బల్ల మీద మందపాటి దుప్పటి పరిచేది, ఆ తర్వాత రేడియో గొంతు పెంచేది. రేడియో ఎంత గట్టిగా మోగితే వీధికి అంత మర్యాద. ఎందుకంటే ఆమె ఏ బట్ట మీద పెట్టె ఆనించినా, దాన్ని ఆఖరుసారి తొడుక్కున్నప్పుడు మనిషి మాట్లాడిన మాటలు ఆవిరితోపాటు పైకి లేచేవి, అదే గొంతుతో. ఉతికితే మురికి పోతుంది గానీ మాటలు పోవు. వేడి తగిలితేనే వదులుతాయి. ఒకసారి వదిలాయంటే, మళ్లీ ఎవరైనా తొడుక్కునేదాకా ఆ బట్ట మూగదే.

బళ్లో పిల్లల్ని హడలగొట్టే లెక్కల మాస్టారి చొక్కా, "ఈ ఒక్కసారికీ క్షమించవే" అని సన్నగా బతిమాలేది. స్త్రీల హక్కుల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి కోటు, "కాఫీ ఏదీ? ఎన్నిసార్లు అరవాలి?" అని గర్జించేది. వీధిలోవాళ్లు మొహాలు తిప్పుకుని ఎండ గురించి మాట్లాడుకునేవారు. అక్క అన్నీ వినేది, ఏదీ బయటపెట్టేది కాదు.

"బట్ట నలిగితే నా పని. మనిషి నలిగితే నా పని కాదు," అనేది.

ఆ గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి పోలీసు జీపు వచ్చి సరిగ్గా బండి ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు, చేతిలో పెద్ద నోటుబుక్కుతో లేడీ కానిస్టేబులు దిగింది, వాళ్ల వెనక మేడింటి వాళ్లు ముగ్గురూ దిగారు: అత్తగారు, ఆవిడ కొడుకు, కోడలు.

మేడింటి మామగారు సోమవారం పొద్దున పదిగంటలకి మెట్ల మీంచి తలకిందులుగా పడి చనిపోయారు. పడలేదు, తోశారు, అని వీపు మీది కమిలిన గుర్తులు చూసి డాక్టరు తేల్చాడు. మూడు రోజుల దర్యాప్తులో ఇన్‌స్పెక్టరు రాబట్టింది ఇది. కొడుకు తన గడియారాల దుకాణంలో ఉన్నానన్నాడు. అత్తగారు పెరట్లో గిన్నెలు తోముతున్నానంది. చప్పుడు వినలేదా అంటే, "విన్నాను బాబూ. ఆయన ఏదో విసిరారనుకున్నా. రోజూ విసిరేవారుగా," అంది. కోడలు మాత్రం ఆ సమయానికి ఇంట్లో లేనంది. మరి ఎక్కడుందీ అంటే చెప్పలేదు.

పైగా ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక సంచీ దొరికింది. అందులో మొగుడి పాత నీలం చొక్కా, దాని చేతి మీద నల్లటి మరక.

"నోరు విప్పని ఆడది, దాచిపెట్టిన చొక్కా, మరక. కేసుకి ఇంతకంటే ఏం కావాలమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు చొక్కాని బల్ల మీద పరుస్తూ. "నువ్వు రెండు నిమిషాలు పెట్టె తిప్పావంటే వాంగ్మూలం రాసుకుని పోతాం. టీ వేళకి ఈవిణ్ణి లోపల పెట్టేస్తాను."

ఆ చొక్కా అక్కకి కొత్త కాదు. మూడు నెలలుగా కోడలు దాన్ని వారానికోసారి చాటుగా తెచ్చి ఇస్తోంది. దాన్ని తొడుక్కునే కోడలు ఒక డ్రైవింగు మాస్టారి దగ్గర బస్సు నడపడం నేర్చుకుంటోంది. ఊరి బస్సుల కంపెనీ ఆ ఏడు మొదటిసారి ఆడవాళ్లని డ్రైవర్లుగా తీసుకుంటోంది. పరీక్ష ఆ రోజే, మధ్యాహ్నం మూడింటికి. తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలీదు.

అక్క బొగ్గులు ఊదుతున్నట్టు వంగి, కోడలి చెవిలో అడిగింది. "చెప్పెయ్యరాదూ చెల్లీ? ఉరికంబం దాకా దాస్తావా?"

"హత్య చేశానంటే జైల్లో పెడతారక్కా. బస్సు నేర్చుకుంటున్నానంటే ఇంట్లో పెడతారు. జైల్లో అయితే కనీసం చూడ్డానికి మనుషుల్ని రానిస్తారు."

"పరీక్ష మూడింటికే."

ఆ మాటకి కోడలు కళ్లెత్తి చూసింది. మూడు రోజులుగా వంచిన తల అది. మొగుణ్ణి చూసింది, అత్తగార్ని చూసింది, ఇన్‌స్పెక్టరు చేతి గడియారం చూసింది. ఒకటీ నలభై.

"ఇస్త్రీ చెయ్యక్కా," అంది గట్టిగా. "రేడియో కట్టేసి మరీ చెయ్యి."

అక్క నీళ్లు చిలకరించి పెట్టె ఆనించింది. తెల్లగా ఆవిరి లేచింది. అందులోంచి కోడలి గొంతు వచ్చింది, ఆ వీధి ఎన్నడూ వినని గొంతు, పగలబడి నవ్వుతున్న గొంతు.

"తొక్కానండీ మాస్టారూ, బ్రేకు నిజంగానే తొక్కాను! ఆ గేదే చూసుకోలేదు! సోమవారం పొద్దున్నే రోడ్డు మధ్యలో దానికేం పనండీ? అయ్యో, పది కొడుతోంది, ఇంటికెళ్లాలి. ఇంకొక్క రౌండు మాస్టారూ, ఒక్కటంటే ఒక్కటి!"

కానిస్టేబులు ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. గేదె దగ్గర ఆమెకీ నవ్వొచ్చింది.

"మరి ఈ రక్తం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు చొక్కా చేతిని పట్టుకుని.

"రక్తమైతే పెట్టె తగలగానే గోధుమరంగుకి తిరిగి కంపు కొడుతుంది సార్. ఇది గ్రీజు. మెరుస్తోంది చూడండి."

అందరికంటే ముందు కొడుకు తేరుకున్నాడు. "బస్సా? మా ఇంటి ఆడది బస్సు నడుపుతోందా? నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంతసేపూ పెళ్లాం తన తండ్రిని చంపిందని చెప్తుంటే నిబ్బరంగా నిలబడ్డ మనిషి, బస్సు అనేసరికి కుప్పకూలాడు.

ఇన్‌స్పెక్టరు నిరుత్సాహంగా జీపులోంచి ఇంకో చొక్కా తీశాడు. తెల్లది, కొడుకు సోమవారం తొడుక్కున్నది. "సరే, రికార్డు కోసం ఇది కూడా కానియ్యి."

పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లింది. ఆవిరి లేచింది, గాలిలో కలిసింది. ఉలుకూ పలుకూ లేదు.

"దుకాణంలో ఒంటరిగా ఉన్నాను. ఎవరితో మాట్లాడతాను?" అన్నాడు కొడుకు.

అక్క చొక్కాని తిరగేసింది. చేతికి పక్కపక్కనే రెండు మడతలు, రైలు పట్టాల్లాగా. కాలరు పైవైపు మాత్రమే రుద్ది, కింద వదిలేశారు. గుండీల మీంచి పెట్టె పోనిచ్చారు, ఒకటి కరిగింది. నోరు మూసుకుని మడతపెట్టి ఇచ్చేయడం ఆమె అలవాటు. చేతులు మడతపెట్టబోయాయి కూడా. పక్కన కోడలు ఇంకా ఆ నవ్వు విన్నచోటే, ఆవిరి వైపు చూస్తూ నిలబడి ఉంది.

"దీన్ని ఇంతకుముందే ఎవరో ఇస్త్రీ చేశారు సార్," అంది అక్క. "మాటలు అప్పుడే వదిలేశాయి."

"నా భార్యే చేసింది," అన్నాడు కొడుకు టక్కున. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఏ పని ఎవరు చేశారని అడిగినా అదే జవాబు, ఎప్పుడూ నిజమే కూడా. అలవాటులో నోరు జారింది.

అత్తగారి మనసు చివుక్కుమంది. "అదేంట్రా! నువ్వే కదూ చేసుకున్నావు, సోమవారం సాయంత్రం, తలుపేసుకుని? నలభై ఏళ్లొచ్చాక నా కొడుకు తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు, దుఃఖంలో కూడా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదని ఇరుగుపొరుగందరికీ చెప్పుకున్నానే. మంచం మీది దుప్పటి నాలుగు మడతలు వేసి మరీ చేశాడు బాబూ. వాడికి దుప్పటి మడవడం వచ్చని ఆ రోజే తెలిసింది."

"అమ్మా, నువ్వు ఊరుకో!"

"ఏ దుప్పటి పిన్నీ?" అంది అక్క నెమ్మదిగా.

ఇస్త్రీ పని చేసినవాళ్లెవరికైనా తెలిసిన సంగతి అది, గడియారాలమ్మేవాడికి తెలియనిది. ఆవిరి సగం పైకి పోతే సగం కిందికి దిగుతుంది. అందుకే అక్క ఒకరింటి బట్టలు అయ్యాక ఇంకొకరింటివి మొదలుపెట్టినప్పుడల్లా బల్ల మీది దుప్పటి మార్చేది, ఒకరి మాట ఇంకొకరి బట్టకి అంటకూడదని. ఇంట్లో ఒక్కనాడు పెట్టె పట్టనివాడు, గోడలు విన్నా పరవాలేదనుకున్నాడు గానీ చేతి కింద ఏముందో చూసుకోలేదు.

అత్తగారికి అప్పుడు అర్థమైంది. కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే, నాలుగు ఇళ్ల అవతల ఉన్న మేడకి తనే నడిచి వెళ్లి, తన చేత్తోనే దుప్పటి పట్టుకొచ్చింది.

అక్క బొగ్గులు మార్చి, దుప్పటి మీద పెట్టె ఆనించింది. ఈసారి కొడుకు గొంతు, ముందు బుసకొడుతూ, "ఇంటి కాగితాల మీద సంతకం పెడతావా, మెట్లు దిగుతావా?" అంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్నగా, "నాన్నా?" అంది. ఆ తర్వాత మామూలు గొంతుతో, "సరే. మా ఆవిడ ఇంట్లో లేదుగా. దాని మీదికి పోతుందిలే," అంది.

కానిస్టేబులు చివరి వాక్యం కింద రెండుసార్లు గీత గీసింది. కొడుకు పరిగెత్తబోయాడు గానీ, వీధిలోవాళ్లు ఆ పూట మొహాలు తిప్పుకోలేదు. లెక్కల మాస్టారే కాలర్ పట్టుకున్నారు.

ఇన్‌స్పెక్టరు జీపుని కానిస్టేబులుకి వదిలి, అతణ్ణి నడిపించుకుంటూ రెండు వీధుల అవతలి స్టేషనుకి బయల్దేరాడు. అక్క తన స్టూలు జరిపి అత్తగారిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చింది. కోడలు ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకుంది.

"టైమెంతయింది?" అంది అత్తగారు.

"రెండుంపావు, అత్తయ్యా."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"మిమ్మల్ని ఇలా వదిలేసి..."

"ఒక్క వారంలో మొగుడూ పోయాడు, కొడుకూ పోయాడు. నేను ఏడవాల్సింది బోలెడుంది. సాయంత్రం మొదలుపెడతాను, అప్పటికి వచ్చి పక్కన కూర్చో. ఇప్పుడు లే. ఆ చొక్కా తొడుక్కో, వేడివేడిగా ఉంది."

కానిస్టేబులు జీపు తాళం గలగలలాడించింది. "ఎక్కండి. పరీక్ష మైదానం స్టేషనుకి పూర్తిగా వ్యతిరేక దిక్కునే గానీ, ఇవాళ నాకు దారి గుర్తులేదు, అటు నుంచే పోదాం."

మూడింటికి కోడలు బస్సు ఎక్కి సీటు ముందుకు జరుపుకుంది. పరీక్ష పెట్టే ఆయన అట్టముక్క ఒళ్లో పెట్టుకుని, ఆడమనిషిని చూసి ముందుగానే కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. బస్సు మైదానం చుట్టింది, ఎనిమిదిలా మెలితిరిగింది, ఎత్తు మీద ఆగి వెనక్కి జారకుండా మళ్లీ కదిలింది, గేటు దాటి పెద్దరోడ్డెక్కింది. ఆయన చెయ్యి మెల్లగా కడ్డీ వదిలింది. కాగితం మీద అన్ని గళ్లలోనూ టిక్కులు పడ్డాయి.

"బాగుందమ్మా, పాసయ్యావు. ఇక తిప్పు, వెనక్కి పోదాం," అన్నాడాయన.

కోడలు గేరు మార్చింది. ముందు రోడ్డు ఖాళీగా, తిన్నగా, ఎండలో మెరుస్తూ పోతోంది.

"మీ పరీక్ష అయిపోయినట్టుంది సార్," అంది. "కాస్త గట్టిగా పట్టుకుని కూర్చోండి. నాది ఇప్పుడే మొదలైంది."