గంగమణి పింగాణి

పసుపు చేతులతో పింగాణిని ముట్టకూడదన్నది గంగమణి తనకు తానే పెట్టుకున్న నియమం. పాత పళ్లాల మెరుపు కింద వెంట్రుకంత సన్నని పగుళ్లుంటాయి. వాటిలోకి పసుపు దిగిందంటే ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆర్మూరులో, అందులోనూ రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు ఇంట్లో, సీజనంతా పసుపు అంటని చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? మాలు తెచ్చిన రైతులకు, హమాలీలకు, సేట్లకు రోజూ ఇరవై మందికి వండి వడ్డించి, కుంకుడు రసంతో మోచేతుల దాకా రుద్దుకుని, బస్తాల గదిలో చెక్కపెట్టె ముందు కూర్చునేది. ఒక్కో పళ్లెం తీసి తుడిచి మళ్లీ పెట్టేది. రోజు మొత్తంలో ఆ అరగంటే తనది.

"ఎవలెవలు తిన్న ఎంగిలి పల్లాలో! నా వంటింట్లకు తెచ్చినవంటే బాయిల పారేస్త" అని అత్త లసుమవ్వ మొదటి పళ్లెం వచ్చిన రోజే అన్నది. భర్త భూమేశ్వర్ నవ్వాడు. "పోనియ్యే అవ్వా. పిస్సదానికి ఏదో ఒక ఆట ఉండాలె గద." ఆ మాటకు పదకొండేళ్లు.

రత్నవ్వ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. పాత బట్టలకూ రాలిన వెంట్రుకలకూ సామాన్లు ఇచ్చేది. దొరలు గడీలు ఖాళీ చేసి పట్నం పోతుంటే, వాళ్ల విందుల నాటి విలాయతి పళ్లాలు చిత్తు సామాను కింద ఆమె గంపలో పడేవి. ఎవరికీ అక్కర్లేనివి. తెల్లటి పళ్లెంలో నీలిరంగు వంతెన, పైన ఎగిరే రెండు పిట్టలు చూసి గంగమణి ఆగిపోయింది. తిప్పి చూస్తే వెనక అక్షరాలు. మాక్లూర్ బడిలో ఏడో తరగతి దాకా చదివిన ఇంగ్లీషుతో కూడబలుక్కుంటే 'ఇంగ్లండ్' అని వచ్చింది. ఆరోజు నుంచి దువ్వెనకు చుట్టుకున్న ప్రతి వెంట్రుకనూ గోడ సందులో దాచింది. రెండో కాన్పులోనూ బిడ్డ దక్కక, జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడిన ఏడాది, నాలుగు పళ్లాలు వచ్చాయి.

ఎవరూ చెప్పకుండానే, అరుగుదల చూసి చూసి కొన్ని సంగతులు తెలుసుకుంది. 'మేడిన్ ఇంగ్లండ్' అని ఉన్నవి కాస్త కొత్తవి. ఉట్టి 'ఇంగ్లండ్' అని ఉన్నవి ఇంకా పాతవి. దేశం పేరే లేనివి అన్నిటికన్నా పాతవి. ఈ తెలివి ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

తొంభై ఒకటి మార్చిలో పెట్టెకు చెదలు పట్టింది. ఇరవై మూడు పళ్లాలనూ పెరట్లో ఎండకు పెట్టింది. అదేరోజు భోజనానికి వచ్చిన, పసుపు కొనే సాంగ్లి సేటు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు.

"అసలీ విలాయతి మాల్! ఎవలు జమ చేసిన్రు భూమేశ్వర్ భాయ్?"

"నేనే సేటూ. జర షౌక్. పదేండ్ల సంది ఊరూరు తిరిగి ఏరిన."

మజ్జిగ చెంబుతో వెనకే నిలబడ్డ గంగమణి ఆ మాట విన్నది. వీటిలో అన్నిటికన్నా పాతది ఏదని సేటు అడిగాడు. భూమేశ్వర్ ఒక్కో పళ్లెం తిప్పి చూడసాగాడు.

"గా అంచు అరిగిన పల్లెం" అన్నది గంగమణి, ఆపుకోలేక. "దాని మీద దేశం పేరు లేదు, సూడుండ్రి."

సేటు తిప్పి చూసి తలాడించాడు. ఆమె వైపు కాదు, భూమేశ్వర్ వైపు. "మీ ఇంట్ల ఆడోళ్లు గూడ హుషారే!"

"నేను చెప్పంగ చెప్పంగ నేర్సుకున్నది" అని నవ్వాడు భూమేశ్వర్. "గంత నచ్చితే అన్నీ మీరే తీస్కపోండ్రి సేటూ. మన దోస్తానకన్న ఎక్కువనా?"

లోపలికి వచ్చాక గంగమణి భర్తకు అడ్డంగా నిలబడింది. "నన్ను ఒక్క మాట అడగకపోతివి."

"నిన్ను అడుగుడేంది? దేంతోని కొన్నవే నువ్వు? నీ తల్లిగారింటి సంది తెచ్చినవా?"

"నా ఎంటికలతోని కొన్న."

"గా ఎంటికలు ఎవ్వని బువ్వ తింటె పెరిగినయే?" అన్నాడు చెప్పులు వేసుకుంటూ. "పొద్దుగూకే లోపట్నే కట్టి పెట్టు. పగలకుంట కట్టుడు నీకైతేనే తెలుసు."

ఆ చివరి మాట వింటూనే పెరట్లోకి వెళ్లిపోయింది. పళ్లాల మధ్య కూర్చుంది. పద్దెనిమిదేళ్లలో ఈ ఇంట్లో ఉడికిన అన్నమంతా కళ్లముందు కదిలింది. నువ్వు తిన్నవా అని అడిగిన మనిషి ఒక్కరూ గుర్తుకు రాలేదు. బావి నాలుగడుగుల దూరంలో ఉంది. దాని వైపు ఎంతసేపు చూసిందో తెలియదు. పాత బట్టలూ వెంట్రుకలూ అంటూ సందులోంచి రత్నవ్వ కేక వినపడే దాకా చూసింది.

లేచింది. అటక మీద పెళ్లినాటి స్టీలు పళ్లాలున్నాయి, ప్రతి దాని మీదా భూమేశ్వర్ పేరు చెక్కించినవి. ఇరవై మూడు లెక్కపెట్టి దించి, ఇంకో చెక్కపెట్టెలో వరిగడ్డి పరిచి, చప్పుడు కాకుండా దట్టంగా కుక్కి, మూతకు తనే మేకులు కొట్టింది. పింగాణి రెండు విడతలుగా రత్నవ్వ గంపలోకి, పాత చీరల కిందికి పోయింది.

"బిడ్డా, నీ మొగనికి తెలుస్తే?" అన్నది రత్నవ్వ.

"తెలుస్తది."

"మరి?"

"తెలువనీ. నీ ఇంట్ల జర పైలంగ పెట్టు."

పెట్టెను హమాలీలు జాగ్రత్తగా సేటు జీపులోకి ఎక్కించారు. ఆ తర్వాత నాలుగు రోజులు గంగమణి వంటింట్లోంచే ఫోన్ మీద చెవి పెట్టింది. మోగితే పొయ్యి మంట తగ్గించి వినేది. ఈ ఇంట్లోంచి వెళ్లగొడితే ఎక్కడికి పోవాలో ఆలోచించింది. తల్లిగారింటి దారి తప్ప ఏదీ తట్టలేదు. ఆ తలుపూ తెరుచుకోదని ఆమెకు తెలుసు.

అయిదో రోజు పొద్దున భూమేశ్వర్ మార్కెట్‌కు పోయినప్పుడు ఫోన్ మోగింది. ఆగకుండా మోగింది.

"ముట్టకు! మొగోళ్ల ఫోనది" అన్నది లసుమవ్వ.

ఆ ఇంట్లో గంగమణి ఎన్నడూ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది.

"భూమేశ్వర్ భాయ్, గిదేం మజాక్? పెట్టెల స్టీలు పల్లాలున్నయి!"

"నా పేరు గంగమణి, సేటూ. మీకు మజ్జిగ పోసినదాన్ని. ఆయన పేరున్నయి ఆయన ఇచ్చిండు. మీరు సూసినయి నావి. ఇస్తవా అని నన్నెవ్వలు అడుగలే."

వాకిట్లో భూమేశ్వర్ స్కూటర్ ఆగిన చప్పుడైంది. లసుమవ్వ బయటికి పరుగెత్తింది. గంగమణి ఫోన్ పెట్టేయలేదు.

"అడుగుండ్రి సేటూ" అన్నది. "ఇప్పుడు అడుగుండ్రి. ఇయ్యనని నేనే చెప్త."